ఎండకు లెక్క కట్టిన నగరం: అహ్మదాబాద్ హీట్ యాక్షన్ ప్లాన్‌పై కేస్ స్టడీ

వేసవి ప్రణాళికలు తయారుచేయడం, వాటి మీద మున్సిపల్ సిబ్బందికి, ఆస్పత్రుల వాళ్లకు శిక్షణ ఇవ్వడం నా వృత్తి. కొత్త నగరంలో పని మొదలుపెట్టగానే నేను అడిగేది మరణాల రిజిస్టరు. పోయిన ఐదారేళ్లది, తేదీల వారీగా కావాలంటాను. ఎండల గురించి మాట్లాడటానికి వచ్చిన మనిషి చావుల లెక్క అడుగుతోందేమిటని చాలామంది ఇబ్బందిగా చూస్తారు. ఈ అలవాటు నాకు అహ్మదాబాద్ నేర్పింది. వాతావరణ మార్పును ఒక పెద్ద నగరం ఎలా తట్టుకోవాలి అన్న ప్రశ్నకు మన దేశంలో దొరికే జవాబుల్లో నాకు అన్నిటికంటే గట్టిగా కనిపించేది ఆ నగరానిదే. అందులో ఏది పనిచేసింది, ఏది ఇంకా పనిచేయడం లేదు, ఎందుకు అన్నది ఒకచోట రాసిపెట్టాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

2010 మే

సబర్మతి ఒడ్డున ఉన్న ఆ ఊరికి ఎండలు కొత్త కాదు. మే నెలలో 42 డిగ్రీలంటే ఎవరూ తల తిప్పి చూడరు. 2011 జనాభా లెక్కల నాటికి 55 లక్షలు దాటిన నగరం అది. కాంక్రీటు, తారు రోడ్లు పగలంతా వేడిని మింగి రాత్రంతా వదులుతుంటాయి. 2010 మే 21న ఉష్ణోగ్రత 46.8 డిగ్రీలకు చేరింది. పేపర్లలో ఎండ వార్తలు వచ్చాయి, వడదెబ్బ మరణాలూ కొన్ని వచ్చాయి. రోహిణి కార్తె రాకముందే రోళ్లు పగిలే ఎండలు అనుకుని జనం సర్దుకున్నారు.

అసలు సంగతి తర్వాత తెలిసింది. ఆ నెలలో నగరంలో జరిగిన మొత్తం మరణాలను, అటూ ఇటూ ఉన్న సంవత్సరాల లెక్కలతో పరిశోధకులు పోల్చి చూశారు. మామూలుగా 3,118 ఉండాల్సిన చోట 4,462 మరణాలు నమోదై ఉన్నాయి. అంటే 1,344 మంది అదనంగా పోయారు. పెరుగుదల 43 శాతం. మే 19 నుంచి 25 వరకు ఉన్న వారంలోనైతే మరణాల రేటు మామూలు కంటే రెండు రెట్లు దాటిపోయింది.

ఇన్ని చావులు కళ్ల ముందు జరిగితే ఎందుకు కనిపించలేదు? ఎండ చాలావరకు వేరే జబ్బు పేరుతో చంపుతుంది కాబట్టి. ఒంటిని చల్లబరచడానికి రక్తమంతా చర్మం వైపు పరిగెత్తాలి, దానికోసం గుండె మామూలు కంటే చాలా ఎక్కువ కష్టపడాలి. చెమటలో నీళ్లు, ఉప్పు పోతే రక్తం చిక్కబడుతుంది, కిడ్నీల మీద భారం పడుతుంది. అప్పటికే గుండె జబ్బు ఉన్న పెద్దాయన ఆ రాత్రి పోతే సర్టిఫికెట్‌లో గుండెపోటు అనే రాస్తారు. అది అబద్ధమూ కాదు. కానీ ఆ ఎండ లేకపోతే ఆయన ఆ రాత్రి పోయేవాడు కాదు. వడదెబ్బ అని రాసిన మరణాలను మాత్రమే కూడితే వచ్చే సంఖ్య చిన్నది. మొత్తం మరణాల్లోంచి మామూలుగా ఉండాల్సినవి తీసేస్తే మిగిలే సంఖ్యే ఎండ అసలు ఎంతమందిని తీసుకుపోయిందో చెబుతుంది. దీన్నే అదనపు మరణాల పద్ధతి అంటారు. ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు. రిజిస్టరు సరిగ్గా ఉండాలి, దాన్ని తెరిచి చూసే ఓపిక ఉండాలి.

పై అంతస్తు వార్డు

శిక్షణ తరగతుల్లో నేను తప్పకుండా చెప్పే కథ ఒకటుంది. అదే నగరంలో ఏసీ లేని ఒక పెద్ద ఆస్పత్రి. బాలింతల వార్డు అప్పట్లో పై అంతస్తులో ఉండేది. పైన స్లాబు తప్ప ఇంకేం లేదు. మధ్యాహ్నానికి కాలిన స్లాబు సాయంత్రానికల్లా కింది గదిలోకి వేడిని వదులుతుంది. ఫ్యాను తిరుగుతున్నా తిరిగేది ఆ వేడి గాలే. పుట్టి రెండు రోజులైన బిడ్డ చెమట పట్టించుకుని చల్లబడలేదు, దుప్పటి తన్నేసుకోలేదు, దాహం అని చెప్పలేదు. ఒళ్లు కాలిపోతుంది, పాలు తాగడం మానేస్తుంది. చూసేవాళ్లకు ముందు ఇన్‌ఫెక్షన్ అన్న అనుమానమే వస్తుంది.

డాక్టర్లు రిజిస్టర్లు తిరగేశారు. వేడి వల్ల నవజాత శిశువుల ఐసీయూలో చేరిన పిల్లలు ఏప్రిల్, మే, జూన్ నెలల్లో 2009లో 8 మంది. 2010లో 24 మంది. 42 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి ఇలాంటి అడ్మిషన్లు 43 శాతం చొప్పున పెరిగాయని లెక్క తేలింది. ఆ వార్డును కింది అంతస్తుకు మార్చారు. 2011 వేసవిలో చేరినవాళ్లు నలుగురు. 2011లో ఎండ కాస్త తక్కువే, నిజమే. ఆ తేడాను పక్కన పెట్టి చూసినా వార్డు మార్చడం వల్ల మేలు జరిగిందని విశ్లేషణలో విడిగా తేలింది.

ఈ కథ చెప్పాక నేను కాసేపు ఏమీ మాట్లాడను. గదిలో ఉన్న ప్రతి ఆస్పత్రి మనిషికీ తన ఆస్పత్రిలో పై అంతస్తులో ఏముందో గుర్తొస్తుంది. ఒకసారి ఒక హెడ్ నర్సు మధ్యలో లేచి బయటికి వెళ్లి ఫోన్ చేసుకుని వచ్చారు. వాళ్ల దగ్గర పై అంతస్తులో ఉన్నది కాలిన గాయాల వార్డట.

ప్లాను లోపల ఏముంది

2013 వేసవికి అహ్మదాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ హీట్ యాక్షన్ ప్లాన్ తెచ్చింది. దక్షిణాసియాలో ఒక నగరం ఇలాంటిది తయారుచేసుకోవడం అదే మొదటిసారి. గాంధీనగర్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, ఎన్ఆర్‌డీసీ అనే అమెరికా పర్యావరణ సంస్థ, కొన్ని విదేశీ విశ్వవిద్యాలయాలు కార్పొరేషన్‌తో కలిసి పనిచేశాయి. ఏడు రోజుల ముందస్తు అంచనాలు మొదట్లో అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయం నిపుణుల నుంచి వచ్చేవి, తర్వాత భారత వాతావరణ శాఖ ఆ పని చేపట్టింది.

ఆ ప్లానులో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది రంగుల పట్టిక. 41.1 నుంచి 43 డిగ్రీల వరకు పసుపు. 43.1 నుంచి 44.9 వరకు నారింజ. 45, ఆపైన ఎరుపు. చూడటానికి మామూలు పట్టికే. దీని వెనకాల ఉన్న ఆలోచనను మాత్రం ఆగి అర్థం చేసుకోవాలి. వాతావరణ శాఖ నిర్వచనం ప్రకారం మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 ఉండి, ఆ రోజుకు ఉండాల్సిన దానికంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాడ్పు. లేదా నేరుగా 45 తాకితే వడగాడ్పు. ఇప్పుడు మే నెలలో మామూలే 42 ఉండే ఊళ్లో 44 వచ్చిందనుకోండి. పై నిర్వచనంలో అది వడగాడ్పు కిందికి రాదు. అక్కడ మనుషులు మాత్రం 44కే పోతున్నారు. అహ్మదాబాద్ తన హెచ్చరిక మెట్లను తన మరణాల లెక్కతో కలిపి చూసుకుని పెట్టుకుంది. ఆకాశం ఎంత అసాధారణంగా ఉందన్నది వాతావరణ శాఖ చూస్తుంది. ఒంటికి ఎక్కడ ఇబ్బంది మొదలవుతుందన్నది నగరమే చూసుకోవాలి.

అందుకే ఈ పట్టికను యథాతథంగా దించుకునే నగరాలను చూస్తే నాకు బాధగా ఉంటుంది. సముద్రం పక్కన ఉన్న ఊళ్లో గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, 38 డిగ్రీలకే ఒళ్లు చేతులెత్తేస్తుంది. అక్కడ 41.1 దగ్గర పసుపు రంగు వేస్తే ఆ రంగు వెలిగేలోపే జరగాల్సిన నష్టం జరిగిపోతుంది.

రంగు మారిన రోజు ఎవరు ఏం చేయాలన్నది ప్లానులో రెండో భాగం. కార్పొరేషన్‌లో ఒక నోడల్ ఆఫీసర్ ఉంటారు. అంచనా ఆ అధికారికి వస్తుంది. అక్కడి నుంచి ఆస్పత్రులకు, 108 అంబులెన్సులకు, నీటి సరఫరా విభాగానికి, కార్మిక శాఖకు, పత్రికలకు, బస్తీల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు కబురు వెళ్తుంది. ఆస్పత్రుల్లో ఐస్ ప్యాకులు, సెలైన్, ఓఆర్ఎస్ సిద్ధంగా పెట్టుకోవాలి. పార్కుల గేట్లు మధ్యాహ్నం మూసేయకూడదు, నీడ అక్కడే ఉంటుంది కాబట్టి. చలివేంద్రాల్లో నీళ్లు అయిపోకుండా చూడాలి. వీటిలో ఒక్కటీ గొప్ప ఆలోచన కాదు. అన్నీ ఒకే రోజు, ఒకే కబురుతో కదలడమే ఇందులో కష్టమైన పని.

ఎంత కష్టమో నాకు స్వయంగా తెలుసు. కొన్నేళ్ల కిందట వేరే నగరంలో మేం ఇలాంటి వ్యవస్థ పెట్టాం. మొదటి వేసవిలోనే ఒక శనివారం మధ్యాహ్నం రెడ్ అలర్ట్ వచ్చింది. ఆఫీసు ఈమెయిల్‌కు వచ్చింది. సోమవారం ఉదయం పదింటికి ఎవరో తెరిచి చూశారు. అప్పటికి రెండు పగళ్లు, రెండు రాత్రులు గడిచిపోయాయి. ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. అలర్ట్ ఎవరికి పంపాలన్న చోట మేం ఒక ఆఫీసు పేరు రాశాం, అక్కడ ఒక మనిషి పేరు, ఆ మనిషి సెలవులో ఉంటే ఇంకో మనిషి పేరు ఉండాలి. ఆ సోమవారం పడిన టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ తర్వాతి నుంచి నేను తయారుచేసే ఏ ప్లానులోనూ ‘సంబంధిత శాఖ’ అన్న మాట ఉండదు.

క్యాజువాలిటీలో

ప్లానులో పెద్దగా ఎవరూ రాయని భాగం డాక్టర్లు, నర్సుల శిక్షణ. ప్రాణం నిలబడేది ఇక్కడే. వడదెబ్బ తగిలి స్పృహ తప్పిన మనిషికి శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి ఉంటుంది. జ్వరమనుకుని పారాసెటమాల్ ఇస్తే లాభం లేదు. జ్వరంలో మెదడే ఉష్ణోగ్రతను పైకి సెట్ చేసుకుంటుంది, ఆ మందు దాన్ని కిందికి దించుతుంది. వడదెబ్బలో మెదడు సెట్టింగు మారదు, ఒళ్లే చల్లబడలేక చేతులెత్తేస్తుంది. కాబట్టి వెంటనే బయటి నుంచి చల్లబరచాలి. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి, గట్టిగా ఫ్యాను పెట్టాలి. మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐస్ పెట్టాలి. వీలైతే చన్నీళ్ల టబ్బులో పడుకోబెట్టాలి. పెద్దాస్పత్రికి పంపాల్సి వచ్చినా ముందు చల్లబరచి, తర్వాత బండి ఎక్కించాలి. ఆ మొదటి అరగంట పోతే ఎంత పెద్ద ఐసీయూ ఉన్నా చేసేది తక్కువ.

నేను చూసిన ఒక క్యాజువాలిటీలో ఇదంతా గోడ మీద పోస్టరుగా అంటించి ఉంది. ఐస్ మాత్రం లేదు. పేషెంటు వచ్చాక వార్డు బాయ్‌ని బయట షాపుకు పంపారు. అప్పటినుంచి ఏ ఆస్పత్రికి వెళ్లినా ఫ్రిజ్ తలుపు తెరిపించి చూస్తాను.

ఫలితం ఎంత

2014, 2015 సంవత్సరాల మరణాలను ప్లానుకు ముందున్న 2007-2010 కాలంతో పోల్చి ఒక అధ్యయనం జరిగింది, 2018లో వెలువడింది. ఏటా సగటున 1,190 మరణాలు తప్పాయని అంచనా. ఈ సంఖ్య చాలా ప్రసంగాల్లో వినిపిస్తుంది. దానితోపాటు చెప్పాల్సిన ఇంకో మాట వినిపించదు: ఆ అంచనా అటూ ఇటూగా 162 నుంచి 2,218 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. పోల్చిన ముందు కాలంలో 2010 లాంటి ఘోరమైన ఏడాది కలిసి ఉందన్నదీ గుర్తుంచుకోవాలి. నా అభిప్రాయం అడిగితే, కింది సంఖ్యనే తీసుకున్నా ఇది మంచి పని. 162 మంది అంటే 162 ఇళ్లు. వాళ్ల కోసం కార్పొరేషన్ కట్టింది డ్యామ్ కాదు, ఫ్లైఓవర్ కాదు. కొన్ని ఫోన్లు, కొంత ఐస్, కొంత శిక్షణ.

2016 మే 20న ఆ నగరంలో 48 డిగ్రీలు నమోదైంది. 1916 నాటి 47.8 రికార్డు నూరేళ్లకు చెరిగిపోయింది. 2010ని మించిన ఎండ అది. ఈసారి మాత్రం నగరం దగ్గర కబురు పంపే దారి ఉంది.

రేకుల కింద

ఇక్కడి వరకు విజయం. ఇకపై చెప్పబోయేది నన్ను నిజంగా కలవరపెట్టే భాగం.

ప్రతి హెచ్చరికలోనూ ఒక వాక్యం ఉంటుంది: మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు ఇంట్లోనే ఉండండి. ఒక ఏప్రిల్ నెలలో, మధ్యాహ్నం రెండు గంటలకు ఒక బస్తీలో ఒకావిడ ఇంట్లో కూర్చున్నాను. ఒకటే గది, పైన రేకులు, వెనక గోడకు కిటికీ లేదు. ఆవిడ కుట్టు మెషీన్ మీద పీస్ రేటుకు పని చేస్తారు. మెషీన్ ఇనుప భాగం మీద చెయ్యి ఆనకుండా కింద పాత గుడ్డ మడిచి పెట్టుకున్నారు. ఫ్యాను వేస్తే పైనుంచి వేడి దిగుతోందని ఆపేశారు. నేను లేచి నిలబడితే తల దగ్గర ఒక వేడి, కూర్చుంటే ఇంకో వేడి. పావుగంటకు నాకు తల తిరిగినట్టయింది. "బయట చెట్టు కింద కూర్చుంటే బాగానే ఉంటుందమ్మా, కానీ మెషీన్ తీసుకెళ్లలేను కదా" అన్నారావిడ. ఆవిడకు ఇంట్లోనే ఉండండి అని మెసేజ్ పంపడం నా పని. ఆ రోజు తర్వాత ఆ వాక్యం రాయాలంటే చెయ్యి ఆగుతుంది.

అహ్మదాబాద్ ఈ సమస్యను చూడకుండా లేదు. 2017లో కూల్ రూఫ్ కార్యక్రమం మొదలుపెట్టి, మొదటి విడతలో పేదల ఇళ్లలో 3,000 వరకు పైకప్పులకు తెల్ల సున్నం పూత వేయించింది. తెలుపు ఎండను వెనక్కి తిప్పికొడుతుంది, కప్పు తక్కువ కాలుతుంది, లోపల రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తగ్గుతుంది. రేకుల ఇంట్లో ఆ కాస్త తేడాకే రాత్రి నిద్ర పడుతుంది. మహిళా హౌసింగ్ ట్రస్ట్ లాంటి సంస్థలు బస్తీల్లోని ఆడవాళ్లతో కలిసి ఈ పనిని ఇంకా లోతుగా తీసుకెళ్లాయి.

కానీ సున్నం వానకు కొట్టుకుపోతుంది, దుమ్ముకు మాసిపోతుంది. మాసిన తెలుపు సగం పనే చేస్తుంది. ఏటా మార్చిలో మళ్లీ వేయాలి. అంటే ఏటా బడ్జెట్ కావాలి, ఏటా ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని పైకెక్కాలి. పాత రేకుల మీద అడుగు పెడితే విరుగుతాయి, పనివాళ్లు పడిపోతారు, కాబట్టి మోకు, పలక కావాలి. అద్దె ఇల్లయితే పూత ఖర్చు ఎవరిదన్న పేచీ వస్తుంది. ప్రారంభోత్సవం రోజు ఫొటోలో కప్పులన్నీ తెల్లగానే ఉంటాయి. నేనైతే మూడో వేసవిలో తీసిన ఫొటో చూపించమంటాను.

రాత్రి సంగతి ఇంకా వెనకబడి ఉంది. ఆ రంగుల పట్టిక పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత మీద నడుస్తుంది. పగలంతా కొట్టుకున్న గుండెకు రాత్రి చల్లదనమే విశ్రాంతి. రాత్రి పదకొండుకు కూడా గోడ వెచ్చగా ఉంటే ఒళ్లు కోలుకోదు, మరుసటి పగలు రెట్టింపు దెబ్బ కొడుతుంది. వరసగా ఎన్ని రాత్రులు అలా గడిచాయన్నది హెచ్చరికలో కలవాలి, తేమ కూడా కలవాలి.

పని మానేస్తే పోయే కూలి సంగతి ఏమిటి? 2023లో ‘సేవా’ (SEWA) అనే శ్రామిక మహిళల సంఘం గుజరాత్‌లోని 21,000 మంది మహిళా సభ్యులతో ఒక బీమా ప్రయత్నం మొదలుపెట్టింది. ఉష్ణోగ్రత ముందే అనుకున్న హద్దు దాటితే, నష్టం రుజువు చేయక్కర్లేకుండా డబ్బు వస్తుంది. మొదటి ఏడాది ఆ హద్దు తాకలేదు, డబ్బు రాలేదు. తర్వాత నిబంధనలు మార్చారు. హద్దు ఎక్కడ గీయాలన్నదే మళ్లీ అసలు ప్రశ్న.

మిగతా నగరాలు తీసుకున్నది, వదిలేసినది

2015 వేసవిలో దేశంలో 2,000 మందికి పైగా వడగాడ్పులకు బలయ్యారు, అందులో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. ఆ మరుసటి ఏడాది జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వడగాడ్పుల ప్రణాళికలకు మార్గదర్శకాలు ఇచ్చింది. అహ్మదాబాద్ నమూనా చాలా రాష్ట్రాలకు, నగరాలకు పాకింది. 2023లో సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ అనే ఢిల్లీ పరిశోధన సంస్థ 18 రాష్ట్రాల్లోని 37 ప్లాన్లను పరిశీలించింది. ఎండ దెబ్బ ఎవరికి ఎక్కువ తగులుతుందో అంచనా వేసినవి అందులో రెండంటే రెండు. ఎక్కువ వాటికి సొంత నిధులు లేవు, చట్టం బలమూ లేదు. పట్టిక కాపీ అయింది, దాని వెనక జరిగిన లెక్కింపు కాపీ కాలేదు.

వరదలకు కూడా నేను ఇదే పద్ధతి వాడతాను. గంటలో ఎన్ని మిల్లీమీటర్ల వాన పడితే ఏ అండర్‌పాస్ మునుగుతుందో పాత రికార్డుల్లోంచి తీసి, ఆ అంకె దగ్గర బారికేడ్ దించే మనిషి పేరు రాస్తాం. పంపులు, కాలువలు తర్వాత. అదంతా విడిగా రాయాల్సిన కథ.

ప్రస్తుతం నేను పనిచేస్తున్న నగరంలో ఏటా ఫిబ్రవరి చివరి వారం ఒక పని పెట్టుకున్నాం. ప్లానులో ఉన్న ప్రతి ఫోన్ నంబరుకూ ఒకసారి రింగ్ చేస్తాం. ఆదివారం మధ్యాహ్నం చేస్తాం, కావాలనే. బదిలీ అయినవాళ్ల పేర్లు కొట్టేసి కొత్తవాళ్ల పేర్లు రాస్తాం. ఎత్తనివాళ్లకు సాయంత్రం మళ్లీ చేస్తాం, అప్పటికీ ఎత్తకపోతే సోమవారం ఆ మనిషి టేబుల్ దగ్గరికే వెళ్తాం. జాబితా మొత్తం ఒక చుట్టు పూర్తయ్యేసరికి మార్చి వచ్చేస్తుంది, కప్పులకు సున్నం బస్తాలు దిగుతుంటాయి.